నేరేడు చీర మీద బ్లీచింగ్ మచ్చలు

కర్నూలులో ఎండాకాలం నీళ్లు పారబోసే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు, బట్టలు జాడించిన నీళ్లు బాత్‌రూము కడగడానికి. అందుకే ఆ రోజు సిమెంటు తొట్టి కడిగాక అడుగున మిగిలిన బకెట్టెడు నీళ్లను కాలువలో పోయడానికి నాకు చేతులు రాలేదు. అది తెలివితక్కువతనమని ఎవరైనా అంటే వాదనకు నేను సిద్ధం.

తొట్టి కడగడం మా ఇంట్లో ఇద్దరి పని. అక్క లోపలికి దిగి, బ్లీచింగ్ పొడి చల్లి, చీపురుతో రుద్దేది. నేను పైనుంచి చెంబుతో నీళ్లు అందిస్తూ, రుద్దిన చోటే మళ్లీ రుద్దుతున్నావని తప్పులు పట్టేదాన్ని. బావ పోయాక ఆమె నా దగ్గరికి వచ్చేసింది. నేను పెళ్లి చేసుకోలేదు. ఇద్దరం పోట్లాడుకుంటూ చాలా ఏళ్లు హాయిగా బతికాం. నిరుడు ఆమె కూతురికి కడపలో పాప పుట్టింది. సాయానికని వెళ్లిన అక్క, పాప కూర్చోగానే వస్తానంది. పాప కూర్చుంది. నడవనీ అంది.

ఆ మధ్య ఫోను చేసింది. "ఒంటిమిట్టలో పాపకు పుట్టెంట్రుకలు తీపిస్తాండాము. మనం జతగా కొన్న నేరేడు చీర కట్టుకోని రామ్మే. నేనూ అదే కట్టుకుంటా."

అక్కడ ఎదురుగా నిలబెట్టి అడగాలనుకున్నాను, తిరిగి వస్తావా, రావా అని. ఫోనులో ఆ మాట ఎత్తినప్పుడల్లా పాప సరిగ్గా అప్పుడే ఏడుస్తుంది.

ఆ నేరేడు చీరనే, తేటపడ్డ తొట్టి నీళ్లలో నానేశాను. తీసి చూస్తే నడుము వెనక వచ్చే చోట అరచేతులంత మచ్చలు, వెలిసిపోయిన గులాబీ రంగులో. మురికైతే ఉతికితే పోతుంది. ఇక్కడ రంగే పోయింది. పోయినదాన్ని తిరిగి తెచ్చిపెట్టాలి తప్ప వదిలించడానికి ఏమీ లేదు. ముందు ఆ పొడి ఇంకా కొరక్కుండా మంచినీళ్లలో బాగా జాడించాలి. కొళాయి వచ్చే రోజు కాదు. తాగడానికి తెచ్చుకున్న క్యాను నీళ్లన్నీ చీరకు పోసి, పక్కింట్లో చెంబెడు అడిగి నేను తాగాను.

బట్టల మీద పూలు వేసే రంగులు కొనుక్కొచ్చి నీలం, ఎరుపు కలిపాను. తడి మీద అచ్చంగా నేరేడు. ఆరితే వంకాయ. కొంచెం నలుపు కలిపి, మచ్చ అంచు నుంచి లోపలికి దూదితో మెల్లగా అద్దాను. ఆరాక పైన గుడ్డ వేసి ఇస్త్రీ చేశాను. రంగు అసలుదానికి దగ్గరికొచ్చింది. ఎంత దగ్గరికో తెలియదు. మంచం మీద పరిస్తే ఒక రకంగా కనిపించే రంగు, ఎండలో ఒంటి మీద ఇంకోరకంగా ఉంటుంది. అద్దం ముందు మెడ తిప్పితే నడుమూ తిరుగుతుంది, మచ్చ మడతలోకి పోతుంది. ఫోనుతో ఫొటో తీస్తే నా మోచేయి పడింది. ఒంటరిగా ఉండేవాళ్లకు జనం చాలా భయాలు చెబుతారు. జ్వరమొస్తే ఎవరు, దొంగలొస్తే ఎవరు అని. వెనకవైపు చీర ఎలా ఉందో చెప్పేవాళ్లు ఉండరని మాత్రం ఎవరూ చెప్పలేదు.

పక్కింటామెను పిలిచి వెనక్కి తిరిగి నిలబడ్డాను.

"ఏమన్నా కనపడ్తాండాదా?"

"ఏం లేదక్కా, శానా బాగుండాది." ఆమె ధ్యాసంతా వాళ్లింట్లో పొయ్యి మీది పాల మీదే ఉంది.

"సరిగ్గా సూడు. నడుము కాడ."

"అంతా బాగుండాదిలే అక్కా."

మంచి మనిషి. మంచివాళ్లతో నాకు పొద్దు పోదు.

ఒంటిమిట్ట గుడి దగ్గర పాప కొత్త గుండుకు వంగి గంధం పూస్తుంటే, వెనక నుంచి అక్క గొంతు వినిపించింది.

"ఏమ్మే, ఏంది ఈ అతుకు? బ్లీచింగ్ పడిందా?"

ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అయినా నేను తగ్గలేదు. "అంత కష్టపడి అద్దితే అతుకంటావా?"

"గుడ్డిదానికైనా తెలుస్తాది. తొట్టి అడుగు నీళ్లలో నానేసింటావు. ఆ నీళ్లు నేను దొడ్లో పోస్తాంటే ఎప్పుడూ సూళ్లేదా?"

"నువ్వు రుద్దేదాంట్లో తప్పులు పట్టేకే నాకు టైము సాలకపాయ."

"ఒక్కదాన్నే కడగమని ఎవురు సెప్పినారు నీకు?"

"అయితే నువ్వొచ్చి కడుగు."

నవ్వుతున్న మనిషి ఆగిపోయింది. పాప ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. అక్క నా పైట లాగి, నడుము చుట్టూ తిప్పి, మచ్చ కనపడకుండా బొడ్లో దోపింది.

సాయంత్రం కడపలో, నేను బయల్దేరబోతుంటే గదిలోకి పిలిచింది. "ఆ చీర ఇప్పు. నాది కట్టుకోని పో."

"మరి నీకు?"

"ఇంట్లో ఉండేదానికి మచ్చలుంటే ఏమి?"

ఒకరి చీర ఒకరం కట్టుకున్నాం. నేను అద్దిన చోట వేలితో గీకి చూసుకుంటూ అంది:

"నా బీరువాలో చీరలుండాయి కదా. ఎవురన్నా ఇట్ల వచ్చేవాళ్లుంటే ఇచ్చి పంపు."

"అన్నీనా?"

"అన్నీ."

అడగాలని వచ్చిన మాట ఇక అడగనక్కర్లేకపోయింది. బ్యాగు జిప్పు వేశాను, తీశాను, మళ్లీ వేశాను.

"సరే, ఉతికి పంపుతా," అన్నాను.

"ఉతకద్దు తల్లీ," అంది అక్క, "అట్లే పంపు."