నీళ్ళ మీదున్న మనిషి స్వభావం

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా పొయ్యి మీద పాలు పెట్టానో లేదో, మా అక్క కూతురు జవాబు పత్రాల కట్ట చంకన పెట్టుకుని వచ్చి కుర్చీలో కూలబడింది. ఇక్కడే కావలిలో ఒక ప్రైవేటు బడిలో ఏడో తరగతికి తెలుగు చెబుతోంది. "పిన్నీ, కథలో పాత్ర స్వభావం రాయండ్రా అంటే క్లాసు క్లాసంతా మంచివాడు, దయగలవాడు, ధైర్యవంతుడు అని రాసిపెట్టినారు. ఆ కథలో వాడు దొంగ పిన్నీ! ఈ పిల్లకాయల్తో నేనెట్టా వేగేది?" అంది. నేను నవ్వలేదు. నవ్వే అర్హత నాకు లేదు. ఆ మూడు మాటల మీద నేను తగలేసిన ఎర్ర ఇంకు అంతా ఇంతా కాదు. కాఫీ తాగించి, నాలుగు మాటలు చెప్పి పంపించానే గానీ, ఆ సాయంత్రమంతా నాకు పాళెం బడే గుర్తొస్తూ కూర్చుంది.

పాళెం బడి అంటే బోగోలు దాటి సముద్రం వైపు పోతే వచ్చే జాలర్ల ఊళ్ళో నేను తెలుగు చెప్పిన హైస్కూలు. కావలిలో ఆటో ఎక్కి, ఇంకో ఆటో మారి, చివర కాస్త దూరం ఇసకలో నడవాలి. చెప్పుల్లో ఇసక, బ్యాగులో ఇసక, సాయంత్రం ఇంటికొచ్చి అన్నం క్యారేజీ కడిగితే అందులోనూ ఇసకే. బడి గోడవతల ఎండుచేపలు ఆరబోసేవాళ్ళు. కొత్తలో ఆ వాసనకి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పాఠం చెప్పేదాన్ని. తర్వాత అలవాటైపోయి, ఎప్పుడన్నా వాసన రాకపోతే ఈరోజు వేట లేదా అని నేనే పిల్లల్ని అడగడం మొదలుపెట్టాను. పిల్లలు బంగారాలు, అబద్ధం చెప్పకూడదు. పాడుబుద్ధంతా గైడుది. ఆ గైడు రాసిన మహానుభావుడెవరో గానీ, ఏ పాఠంలో ఏ పాత్ర వచ్చినా ఆ మూడు గుణాలే తగిలించాడు. రాజైనా అవే, రాక్షసుడైనా అవే. పదాలకి అర్థాల సంగతి ఇంకా ఘోరం. "ఉదారుడు అంటే ఎవరే?" అంటే "దాత టీచర్" అని టక్కున చెప్పేవాళ్ళు. "మరి దాత అంటే?" "ఉదారుడు టీచర్!" అంతే, గానుగెద్దులా అక్కడే తిరగడం. ఇద్దరిలో ఒక్కడైనా ఎవరికైనా ఏమైనా ఇచ్చాడా లేదా అన్నది వాళ్ళకీ పట్టదు, గైడుకీ పట్టదు.

ఒకరోజు నాకు ఒళ్ళు మండి ఆ మూడు మాటల్నీ నా క్లాసులో నిషేధించాను. మంచివాడు అని రాస్తే సున్నా అన్నాను. మర్నాడు అందరూ "చెడ్డవాడు కాడు" అని రాసుకొచ్చారు. ఇక లాభం లేదని అట్టముక్కలు తెచ్చి, పిసినారి, మొండివాడు, నిబ్బరం గలవాడు, స్వార్థపరుడు, డాబుసరి మనిషి అని లావుపాటి అక్షరాలతో రాసి గోడ నిండా వేలాడదీశాను. ఒక్కో మాటకీ ఊళ్ళో ఒక మనిషిని చూపించమన్నాను. అది మాత్రం పనిచేసింది. నిబ్బరం అంటే ఎవరిదో అవ్వని చెప్పారు, డాబుసరి అంటే ఎవరి బావనో చెప్పారు. ఊరి పరువు నాలుగు రోజుల్లో నా చేతికొచ్చింది గానీ, మాటలు మాత్రం పిల్లల నోట్లో ఆడాయి. కథలో మనిషి ఏం చేశాడో చూసి ఏం మాట వాడాలో వెతుక్కోవడం మొదలుపెట్టారు.

ఇదంతా ఎప్పుడు చేసేదాన్నంటే, ఏడో తరగతికి ఆఖరి పీరియడులో. చదివే పీరియడు అని నేను హెడ్మాస్టరు గారి వెంటపడి, విసిగించి సంపాదించుకున్నది. మా లెక్కల మాస్టారుకి దాని మీద మొదట్నించీ కన్ను. హెడ్మాస్టరు గారు మెతక మనిషిలా కనిపించే గట్టి పిండం. ఇద్దరి పోరూ పడలేక నాతో ఒక మాట అన్నారు. "మండలం నుంచి ఆఫీసరు గారు వస్తారు మేడమ్. మీ పిల్లలు కథ చదివి, అందులో మనిషి ఎట్టాంటోడో సొంతంగా నోరు విప్పి చెప్పాల. చెప్పినారా, పీరియడు మీదే. లేదంటే లెక్కలకి." నేను ధీమాగా సరేనన్నాను. గైడు లేని కథ చదవడానికి ఆ పిల్లలకి దొరికేది ఆ ఒక్క పీరియడే. అది పోతే నా అట్టముక్కలు చెదలకి తప్ప ఎందుకూ పనికిరావు.

ఆఫీసరు ముందు చదివించడానికి వెతికి వెతికి సముద్రం కథే పట్టుకొచ్చాను, వాళ్ళకి తెలిసిన సంగతి కదా అని. ఇద్దరు తోడల్లుళ్ళు ఒకే పడవకి భాగస్తులు. పెద్దతను చేపలు గుంపుగా తిరుగుతున్న చోటు కనిపెట్టి, చిన్నతనితో ఈ పూట గాలి బాగాలేదు, వేట లేదు అని అబద్ధం చెప్పి, తానొక్కడే పడవ తీసుకుని పోతాడు. చిన్నతను ఒడ్డున నిలబడి చూస్తుండగా పడవ చుక్కంత అవుతుంది. కథ అక్కడ అయిపోతుంది. "పెద్దతని స్వభావం ఏమిటి?" అని అడిగాను. క్లాసంతా మౌనం. గోడ మీద స్వార్థపరుడు అన్న అట్ట గాలికి ఊగుతోంది, అయినా ఒక్కరు కూడా నోరు తెరవలేదు. మర్నాడు మళ్ళీ అడిగాను. "కష్టపడేవాడు టీచర్" అన్నాడొకడు నేలచూపులు చూస్తూ. అరిచాను, బతిమాలాను, నిలబెట్టాను. ఎవరో నా మీద పగబట్టి పిల్లలకి మందు పెట్టారేమో అనిపించింది. లెక్కల మాస్టారు కిటికీ అవతల నించి సానుభూతిగా చూసి వెళ్ళేవారు. ఆ సానుభూతి నాకు ఇంకా మంట.

ఆఫీసరు గారు రానే వచ్చారు. వేరే కథకి మార్చుకునే వ్యవధి కూడా లేదు. పిల్లలు గడగడా చదివేశారు. ఆయన పుస్తకం మూసి, "ఈ పెద్దాయన ఎట్టాంటి మనిషి?" అన్నారు. మళ్ళీ అదే మౌనం. ఆయన ముందు బెంచీలో ఉన్న రెండు జడల పిల్లని లేపి, "మోసం చేసినాడు గదమ్మా? ఆ మాట చెప్పడానికేంది?" అన్నారు. ఆ పిల్ల నా వంక చూసి, "ఇప్పుడు చెప్పగూడదు సార్. ఒడ్డుకి రానీండి, చెప్తాం" అంది. ఆయనకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు ఆ పిల్ల విడమరిచి చెప్పింది. "నీళ్ళ మీద ఉండే మనిషిని చెడ్డగా అనగూడదు సార్. గంగమ్మ వింటాది. కథలో ఆయన ఇంకా నీళ్ళ మీదనే ఉన్నాడు గదా."

అప్పుడు వెలిగింది నాకు. ఆ పాళెంలో ఆడవాళ్ళని ఎన్నిసార్లు చూడలేదు! ముందురాత్రి మొగుడు చేసిన నిర్వాకానికి గుండె మండుతున్నా, అతను వేటకి పోయాడంటే ఇంటి గడప దగ్గర పల్లెత్తు మాట అనరు. పడవ ఇసక మీదికి లాగి తాడు కట్టాక మొదలుపెడతారు. అప్పుడు వచ్చే మాటలు నా గోడ మీద పట్టేవి కావు. ఇదంతా చూస్తూనే ఆటో ఎక్కి కావలి వచ్చేశాను, రోజూ. ఒక్కరైనా ముందే చెప్పి చావకూడదా అని పిల్లల మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. కానీ కోపానికి అది సమయం కాదు. "సరే, ఒడ్డుకి వచ్చేశాడు. పడవ లాగేశాడు, తాడు కూడా కట్టేశాడు. ఇప్పుడు చెప్పండి!" అన్నాను.

శ్రీహరికోటలో రాకెట్ ఎగిరి దక్షిణాన పొగచార కనబడ్డ రోజున తప్ప ఆ పిల్లలు అలా ఒక్కసారిగా అరవడం నేను వినలేదు. స్వార్థపరుడు, వంచకుడు, దురాశపరుడు, నమ్మినోణ్ణి ముంచినోడు! గోడ మీది మాటలన్నీ అయిపోయి, గోడ మీద లేనివి కూడా మొదలయ్యాయి. హెడ్మాస్టరు గారు బల్ల మీద చేత్తో కొడుతూ "నిశ్శబ్దం, నిశ్శబ్దం" అంటున్నారు. ఆఫీసరు గారు నవ్వు ఆపుకోలేకపోతున్నారు. ఆ గోలలో రెండు జడల పిల్ల మాత్రం నోరు మెదపలేదు. "నువ్వు చెప్పవేంటమ్మా? ఒడ్డుకి వచ్చినాడు గదా?" అన్నారాయన. "వచ్చినాడు గదా సార్. ఇంక మనం అనేదెందుకు? ఆయన్నే అడగొచ్చు, ఎందుకు చేసినావని" అంది ఆ పిల్ల.

పిల్లలు చురుగ్గా ఉన్నారు అని ఏ బడికైనా రాసే మాటే రాసి ఆఫీసరు గారు వెళ్ళిపోయారు. నేను గెలిచాననుకున్నాను. మర్నాడు పొద్దున టైంటేబుల్లో ఆఖరి పీరియడు లెక్కలని ఉంది. నేను అందించాక పిల్లలు చెప్పింది సొంతంగా చెప్పినట్టు కాదని హెడ్మాస్టరు గారి తీర్పట. మాట తప్పినవాడు, పక్షపాతి, పిరికి మనిషి అని ఆయనకి తగిన మాటలన్నీ నోట్లో సిద్ధం చేసుకుని ఆయన గదిలోకి విసురుగా వెళ్ళాను. ఆయన తలెత్తి చూశారు. అదేం ఖర్మమో, ఆ పిల్ల గొంతే చెవిలో మోగింది. "ఎందుకు సార్ ఇలా చేశారు?" అని మాత్రం అడిగాను.

ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "నన్ను ఎందుకని ఎవరూ అడగరు మేడమ్. బయటికి పోయి తిట్టుకుంటారు, అంతే" అన్నారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. "పదిలో లెక్కలు తప్పిన పిల్లకాయ మళ్ళీ బడి మొహం చూడడు. కథలు ఇంట్లో అయినా చదువుకోవచ్చు. ఈ ఊళ్ళో లెక్కలు ఇంట్లో ఎవురు చెప్తారు?" ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ నేనూ ఊరుకోలేదు. "ఇంట్లో కథల పుస్తకం ఎవరికుంది సార్?" అన్నాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "నా చిన్నప్పుడు మా ఇంట్లోనూ లేదులే" అని, టైంటేబుల్ తీసి రోజు విడిచి రోజు నా పేరు రాశారు. సగం పీరియడ్లు నావి, సగం లెక్కలవి. లెక్కల మాస్టారు నా రోజున కూడా సుద్దముక్క పట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షమవుతూ బదిలీ అయ్యేదాకా నా ప్రాణం తీశారు, అది వేరే సంగతి.

హెడ్మాస్టరు గారు పోయి రెండేళ్ళు కావస్తోంది. ఆయన దగ్గర పనిచేసినన్నాళ్ళూ నాకు ఆయన మీద ఎన్నో కోపాలు. సెలవు ఇవ్వనందుకు ఒకటి, నలుగురిలో మాట అన్నందుకు ఒకటి, ఉత్తమ ఉపాధ్యాయుల అవార్డుకి నా పేరు పంపనందుకు ఇంకొకటి. అన్నిటిలో పూర్తిగా చల్లారింది ఆ పీరియడు కోపం ఒక్కటే, ఎందుకు చేశారని నేను ఆయన్ని అడిగింది దాని గురించి ఒక్కటే గనక. మిగిలినవి అడగడానికి బోలెడు టైముందనుకున్నాను.