పెద్దాయన టమాటా నారు

మొన్న ఫిబ్రవరి చివర్లో క్యారీలో మా అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, వంటింటి పక్కగదిలో ఊదారంగు దీపం కింద, చిన్న చిన్న గళ్ళ ట్రేలలో టమాటా నారు మొలిచి కనిపించింది. అడుగున వెచ్చదనానికి కరెంటు చాప, పైన గాజులాంటి మూత, మట్టిలో గుచ్చిన పుల్ల ఒకటి, తడి ఆరినప్పుడల్లా అది అమ్మాయి ఫోనుకి కబురు పంపుతుందట. అలవాటు కొద్దీ నేను పక్కనున్న గ్లాసుతో నీళ్ళు తీసుకుని వంగానో లేదో, "అమ్మా, నో! అది ఇంకా వాటర్ అడగలేదు," అని మా అమ్మాయి వెనకనుంచి కేకేసింది. నవ్వుతూనే అంది పాపం. నా చెయ్యి మాత్రం గ్లాసుతో సహా గాలిలో ఆగిపోయింది. నలభై ఏళ్ళు దాటినా ఆ వసంతం నన్ను వదల్లేదని అప్పుడు తెలిసింది.

ఎనభైల మొదట్లో సంగతి. మేం న్యూజెర్సీలో, పిస్కాటవేకి కాస్త అవతల ఒక రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. నర్సు పనిమీద ముందే వచ్చిన మా అక్క కాగితాలు పెట్టి మమ్మల్ని పిలిపించుకుంది. మా ఆయన ఒక గోదాములో పెట్టెలెత్తే పనిలో కుదిరారు. వచ్చిన రెండో ఏడు జనవరిలో మంచు మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆయన స్థానంలో వారం తిరక్కుండా మరొకరిని పెట్టుకున్నారు. ఇద్దరు పిల్లలు, మంచంలో మనిషి, బయట మోకాలి లోతు మంచు, నాకు కారు నడపడం రాదు. ఆ రోజుల్లో వచ్చినవాళ్ళకి నేను ఇంతకంటే చెప్పక్కర్లేదు.

చదువంటారా, నేను బడి గడప తొక్కలేదు. ప్రకాశం జిల్లాలో మా నాన్నది పొగాకు సేద్యం. మా అమ్మే వంటింట్లో బూడిద పరిచి, దానిమీద వేలితో అక్షరాలు దిద్దించి, అవి కుదిరాక తెలుగు బైబిలు చేతికిచ్చింది. ఇంగ్లీషు కూడా అలా వచ్చిందే, పాత ఇంగ్లీషు బైబిలు పక్కన పెట్టుకుని ఏ మాటకి ఏ మాటో పోల్చుకుంటూ. అందువల్ల దుకాణంలో ఉప్పు ఎక్కడుందని అడగడానికి నోరు పెగిలేది కాదు గాని, పాపం గురించీ పశ్చాత్తాపం గురించీ అయితే తడుముకోకుండా మాట్లాడగలిగేదాన్ని.

ఆ చలికాలంలోనే మా అక్క వార్డులో ఇటలీ నుంచి వచ్చిన ఒక పెద్దాయన కన్నుమూశాడు. ఆయనకి మా ఇంటికి మైలున్నర దూరంలో అద్దాల షెడ్లు ఉండేవి, గ్రీన్‌హౌస్ అంటారే, అవి. ఆయన భార్యకి రెండు కళ్ళకీ పొరలు కమ్మాయి, ఈస్టరు తర్వాతగాని ఆపరేషను లేదు, నారు పోసే కాలమేమో ముంచుకొస్తోంది. మా అక్క వచ్చి, "ఏమే, పొగాకు నారు పోసిన చెయ్యేగా నీది! ఆవిడకి మాటిచ్చాను. రేపు పొద్దున్నే వెళ్ళు. నా పరువు మాత్రం తియ్యకు తల్లీ," అంది. వెళ్ళాను. తలుపు తీసి లోపల అడుగు పెట్టగానే నూనె పొయ్యి వేడీ, తడిమట్టి వాసనా ఒక్కసారిగా మొహాన కొట్టాయి. అమెరికా వచ్చాక అంత తెలిసిన వాసన అదే మొదటిది. స్తోత్రం ప్రభువా అనుకుని అక్కడే కాసేపు నిలబడిపోయాను. నాలాంటి దానికి, నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, చేతనైన పని! ఇది పోతే మరొకటి లేదని కూడా ఆ క్షణంలోనే తెలుసు నాకు.

పెద్దావిడ ఇంగ్లీషు కూడా నా ఇంగ్లీషులాగే కుంటుతూ నడిచేది, కాబట్టి మేమిద్దరం ఒకరికొకరం బాగానే అర్థమయ్యేవాళ్ళం. నన్ను హనీ అని పిలిచేది. మార్చి మొదటివారంలో ఒకరోజు వంటింట్లో చేతులు తుడుచుకునే కాగితం ఒకటి మడతపెట్టి తెచ్చి నా అరచేతిలో పెట్టింది. విప్పితే దానికి అంటుకుని ఎండిన టమాటా గింజలు, అరవై దాకా ఉంటాయి.

"ఇవి మా ఆయనవి, హనీ. వాళ్ళ నాన్న ఓడలో తెచ్చిన రకం. పోయినేడు జబ్బుతో ఇంతకంటే తియ్యలేకపోయాడు. నా కంటికి గింజ ఆనడం లేదు. నువ్వు పొయ్యి."

కొన్ని దాచి ఉంచుదామా అని సైగలతో అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, "అన్నీ పొయ్యి. వచ్చే ఏటికి నేనుంటానో లేదో," అంది. అలా ఒక వంశం మొత్తాన్ని నేను నా వేళ్ళతో రెండు ట్రేలలో వరసలుగా నాటాను.

మొలకలు బాగానే వచ్చాయి. ఇక నీళ్ళ సంగతి. మా వైపు పొగాకు నారుమడి ఇసుక నేలలో పోస్తారు. పోసిన నీళ్ళు పోసినట్టే ఇంకిపోతాయి, పైన ఎండ మాడ్చేస్తుంది, కాబట్టి పూటకి రెండుసార్లయినా నీళ్ళు చల్లకపోతే నారు బతకదు. నాకు తెలిసిన శ్రద్ధంతా అదే. ఇక్కడేమో సంచుల్లో వచ్చే నల్లటి పీచుమట్టి, వారం రోజులుగా ముసురు పట్టిన ఆకాశం, గొట్టంలో మంచులాంటి నీళ్ళు. నేను చంటిపిల్లలకి పాలు పట్టినట్టు పొద్దునా మధ్యాహ్నమూ సాయంత్రమూ వాటికి నీళ్ళు పట్టాను. పక్కన మామూలు రకాలు పోసిన ట్రేలని అంత పట్టించుకోలేదు, అందుకే అవి బతికాయి. నేను ప్రేమగా చూసినవే పోయాయి.

ఒక సోమవారం ఉదయం వెళ్ళేసరికి నారు నేల మీద పడుకుని ఉంది. ఒక్కో మొక్కా మట్టికి ఆనిన చోట దారంలా సన్నబడి, నీరుకారి, ఒరిగిపోయింది. నారుకుళ్ళు. మా నాన్న మైలుతుత్తం, సున్నం కలిపిన మందునీళ్ళు చల్లి ఆపే తెగులే అది, కాని వానాకాలం తెగులు కదా, ఈ చలిదేశంలో, అద్దాల కింద, దాన్ని నేనే నా చేతులతో పుట్టించానని తట్టడానికి కాస్త సమయం పట్టింది. ఒక ట్రే పూర్తిగా పోయింది. రెండోదాంట్లో పొయ్యి గొట్టం వైపున్న మూల, నీళ్ళు సరిగా అందని చోట, ఐదు మొక్కలు నిలబడి ఉన్నాయి.

నేను నేలమీద కూలబడ్డాను. మోకాళ్ళ మీదే ఉన్నాను గాని ప్రార్థన రాలేదు. మంచంలో ఉన్న మనిషి, పిల్లలు, అక్క పరువు, ఆ పెద్దావిడ మొహం, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఎదురుగా అరలో మామూలు టమాటా గింజల డబ్బా ఉంది. లేచి, చచ్చిన నారు ఏరి పారేసి, పై మట్టి మార్చి, ఆ డబ్బాలో గింజలు తీసి అవే వరసల్లో నాటాను. ఐదింటినీ ఉన్నచోటే ఉంచాను. చేతులు కడుక్కుంటుంటే అవి నావి కానట్టనిపించింది.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన మంచంలోంచి గోడవైపు చూస్తూ, "ఎవరికి తెలుస్తుందే? టమాటా టమాటాయే. ఆవిడకి కళ్ళు కూడా కనపడవన్నావుగా," అన్నారు.

"దేవుడికి కనపడుతుందిగా అండీ."

"ఆయనకి నా తుంటి కూడా కనపడే ఉంటుంది. నువ్వు మాత్రం నోరు విప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

అంత మాట ఆయన నాతో ఎన్నడూ అనలేదు. నోరు విప్పలేదు.

ఆ తర్వాతి వారం నుంచి పెద్దావిడ ప్రతి శుక్రవారం మెల్లగా గోడ పట్టుకుని షెడ్డులోకి వచ్చేది. అవి ఈస్టరుకి ముందొచ్చే శ్రమదినాలు, ఉపవాసాల రోజులు, మాకూ వాళ్ళకీ కూడా. ఆ రెండు ట్రేల దగ్గరా స్టూలు వేసుకుని కూర్చుని, అరచేత్తో నారు పైపైన నిమురుతూ, వాళ్ళ భాషలో ఏదో సన్నగా మాట్లాడుకునేది. మధ్యలో ఒకసారి నవ్వేది కూడా. ఆలస్యంగా లేచాయేమిటని మొదటి శుక్రవారం అడిగితే, చలికి అన్నాను. నమ్మింది. రెండో శుక్రవారం వెళ్ళబోతూ, నన్ను ఓదార్చడానికన్నట్టు, "నాకు కళ్ళు లేకపోయినా ఫరవాలేదు హనీ. మా ఆయన టమాటాకి ఆకు అంచులు కోసుకుని ఉండవు, బంగాళాదుంప ఆకులా నున్నగా ఉంటుంది. అసలు ఆకులు రానీ, చీకట్లో ఇచ్చినా వేలితో చెప్తాను," అంది.

ఆ వారం ఎలా గడిచిందో ఆ ప్రభువుకే తెలియాలి. మూల ఉన్న ఐదింటికీ అప్పటికే వెడల్పాటి నున్నటి ఆకులు వచ్చాయి. అది జబ్బేమో అనుకున్నాను నేనింతకాలం! కొత్త నారుకి ఆకులు ఇంకా విచ్చుకోలేదు. రోజూ పొద్దున్నే పరిగెత్తుకుంటూ వెళ్ళి చూసేదాన్ని. విచ్చుకోవద్దని, విచ్చుకున్నా నున్నగా విచ్చుకోమని, బుద్ధిలేని ప్రార్థన ఒకటి మనసులో తిరిగేది, అది ప్రార్థన కాదని తెలిసి కూడా. గురువారం నాటికి ప్రతి మొక్కకీ రంపపు పళ్ళలాంటి అంచులు తేలాయి. ఎలుకలు తిన్నాయని చెప్పి అన్నీ పీకేద్దామా అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, కత్తెర తెచ్చి ఒక ఆకు అంచుని నున్నగా కత్తిరించి కూడా చూశాను. ఆ తెగిన అంచు మీద వేలు పెట్టి చూసుకుంటుంటే, నేనేం చేస్తున్నానో అప్పుడు కనపడింది నాకు.

శుక్రవారం ఆవిడ తలుపు దగ్గరికి రాగానే, లోపలికి రానివ్వకుండా అడ్డంగా నిలబడి, నాకు వచ్చిన ఆ బైబిలు ఇంగ్లీషులో, "ఐ హావ్ సిన్డ్ అగైన్‌స్ట్ దీ," అన్నాను.

ఆవిడ బిత్తరపోయి, "ఎవర్ని చంపావు హనీ?" అంది, సగం నవ్వుతో.

అప్పుడు చెప్పాను. నీళ్ళు, కుళ్ళు, డబ్బా, అన్నీ. ఆవిడ నన్ను పక్కకి తప్పించి వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. ఒక్కొక్క మొక్కా వేలితో తడిమింది, వరస తర్వాత వరస, ఒక్కటి కూడా వదలకుండా. మూలకి చేరి ఐదింటి దగ్గర ఆగింది. నా వైపు తిరక్కుండానే, "అయితే రెండు శుక్రవారాలుగా నేనెవరితో మాట్లాడానో చెప్పు," అంది.

బయట మంచు కరిగి అద్దాల మీద నుంచి చుక్కలు పడుతున్నాయి. ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను. కోటు తీసుకుని వెళ్ళిపొమ్మంటుందని ఎదురుచూశాను. మా అక్కకి ఏం చెప్పాలో, మా ఆయన మొహం ఎలా చూడాలో తెలియక ఏడుస్తున్నాను. ఆవిడ చివరికి లేచి, "నిలబడి ఏడిస్తే మొక్కలకేం లాభం? ఆ ఐదూ జాగ్రత్తగా తీసి పొయ్యి దగ్గరికి జరుపు. నీళ్ళు మాత్రం నువ్వు ముట్టుకోకు, నేను పోసుకుంటాను," అంది. ఆ ఏడాదంతా అంతే. మట్టి కలిపాను, నారు విడదీశాను, ట్రేలు మోశాను, నీళ్ళ గొట్టం మాత్రం నాకివ్వలేదు. పని పోలేదు. మా ఆయనకి చెబితే దుప్పటి మొహం మీదికి లాక్కుని, దాని కిందనుంచే, "మంచిపని చేశావులే," అన్నారు.

ఐదింట్లో మూడు దక్కాయి. మే నెల సగం దాటి, చలి పూర్తిగా విరిగాక నేలలో పెట్టాం. ఆగస్టులో కాసిన పండు ఒక్కొక్కటి అరచెయ్యంత ఉండేది. సెప్టెంబరులో పెద్దావిడ, ఆపరేషనయ్యాక పెట్టుకున్న కొత్త కళ్ళద్దాలతో, గింజలు తీసి ఎండబెట్టి, రెండు మడతలు కట్టింది. ఒకటి నా చేతిలో పెట్టి, "ఇవి నీకు. రెండిళ్ళల్లో ఉంటే మంచిది," అంది. నేను వెనక్కి ఇచ్చేశాను. నాకు ఆ యోగ్యత లేదన్నాను. ఆవిడ మళ్ళీ ఇచ్చింది, నేను మళ్ళీ బల్లమీద పెట్టేశాను. వినయమనుకున్నాను దాన్ని. ఆవిడ కాసేపు ఆ మడత వంక చూసి, తీసి సొరుగులో వేసుకుంది.

తర్వాతి ఏడాది మా ఆయనకి వర్జీనియాలో ఉద్యోగం దొరికి షాంటిలీ వెళ్ళిపోయాం. కొన్నేళ్ళకి పెద్దావిడ పోయిందని మా అక్క ఫోనులో చెప్పింది. పిల్లలు స్థలం అమ్మేశారు, షెడ్లు పడగొట్టారు, ఇప్పుడక్కడ ఇళ్ళున్నాయి. సొరుగులో కాగితపు మడతలంటే ఏమిటో వాళ్ళెవరికీ తెలిసి ఉండదు.

మా ఆయన తుంటి విరిగినందుకు కూడా నేను స్తోత్రం చెల్లించాను, అది విరక్కపోతే నేను గడప దాటేదాన్ని కాదు కాబట్టి. ఆ ఒక్క మడత దగ్గరికి వచ్చేసరికే నా కృతజ్ఞత ఆగిపోతుంది. ఆవిడ ఆ గింజల కోసం అడిగింది రెండో ఇల్లు. నా యోగ్యతని మధ్యలోకి లాక్కొచ్చింది నేను. ఇప్పుడు నున్నటి ఆకు టమాటాలు ఏ దుకాణంలో అయినా దొరుకుతాయి, రంగుల పొట్లాల్లో, బొమ్మతో సహా. ప్రతి ఏడూ ఒకటి కొని పోస్తాను, ఇప్పుడు నీళ్ళు లెక్కగానే పోస్తాను, మంచి పండ్లే కాస్తాయి. కాని ఆ గింజలు ఎవరి చేతిలోంచి వచ్చాయో తెలియదు. వద్దని వెనక్కి ఇచ్చేద్దామన్నా ఎదురుగా మనిషి లేరు.