పడవ మీద రెండో చుక్క

మా అత్తగారిది మకర రాశి. ఆ ఒక్క కారణంతోనే మేము కార్తీక సోమవారం నాడు, కెయిర్న్స్‌కు ఉత్తరాన ఉన్న ఒక నది మీద డిన్నర్ పడవ ఎక్కాం.

ఆవిడ రెండేళ్ళుగా సిడ్నీలో, గిరావీన్‌లో, మాతోనే ఉంటున్నారు. ఒకరోజు టీవీలో ఈ దేశపు ఉత్తర భాగంలోని నదుల మొసళ్ళను చూపిస్తుంటే, పప్పు ఏరుతున్న చేట పక్కన పెట్టి, "మకరం అంటే మొసలే కదండీ అల్లుడుగారూ. డెబ్భై ఏళ్ళొచ్చాయి, నా రాశిని నేను ఒక్కసారి చూసుకోవద్దా" అన్నారు. జంతుశాలకు తీసుకెళతానన్నాను. అద్దం వెనకున్నది వద్దన్నారు. దాని ఇంట్లో దాన్ని చూడాలట.

మా అమ్మాయికి పన్నెండో తరగతి పరీక్షలు అప్పుడే అయిపోయాయి. నాకు సెలవు దొరికింది. విమానం టికెట్లు, నది పక్కన బస, సాయంత్రం పడవ, ఆ పడవ మీదే భోజనం, అన్నీ కుదిరాయి. పడవలో నాలుగు సీట్లు ఒకేచోట ఖాళీగా ఉన్నది మాత్రం సోమవారం నాడే. అది కార్తీకంలో ఆఖరి సోమవారం.

అత్తగారు కార్తీక సోమవారాలు పగలంతా ఉపవాసం ఉంటారు. సాయంత్రం చుక్క కనిపించాకే భోజనం. పెళ్ళయిన ఏడు మొదలుపెట్టారు, ఇది నలభై ఎనిమిదో కార్తీకం. మబ్బు పట్టిన రోజుల్లో మర్నాటి దాకా మంచినీళ్ళతో ఉండిపోయేవారట. ఇప్పుడు ఒంట్లో షుగర్ ఉంది. అందుకని మా ఆవిడ ఒక షరతు పెట్టింది. రాత్రి మాత్ర ఎనిమిదింపావుకి, అన్నంతో పాటు. ఆ వేళకి చుక్క కనిపించినా, కనిపించకపోయినా తినాల్సిందే. ఒంటికి ఊరు మారిన సంగతి తెలియదు కాబట్టి, సిడ్నీ కంటే గడియారం గంట వెనక నడిచే క్వీన్స్‌లాండ్‌లో, అంటే ఆ నది ఉన్న రాష్ట్రంలో, అది ఏడుంపావు అవుతుంది.

అత్తగారు ఆ షరతుకి ఒప్పుకున్నది నా లెక్క చూసి. నేను లెక్కలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. వెస్ట్‌మీడ్‌లో ఆసుపత్రి సరుకుల గదిలో పనిచేస్తాను, గ్లవ్స్ పెట్టెలూ సూదుల పెట్టెలూ లెక్కపెడుతూ. సూర్యోదయాలు, అస్తమయాలు, తిథులు మాత్రం పంచాంగం ముందేసుకుని, కొట్టివేతలతో, నాకు నేనుగా పట్టుకున్నాను. అత్తగారు వచ్చినప్పటి నుంచి బాల్కనీలో ఒక నోటు పుస్తకం పెట్టాను. అందులో మూడు గళ్ళు: సూర్యుడు అస్తమించిన వేళ, మొదటి చుక్క కనిపించిన వేళ, మధ్య ఎన్ని నిమిషాలు. పదకొండు సోమవారాలు రాశాను. సగటు ఇరవై ఆరు నిమిషాలు.

పడవ నాలుగున్నరకు బయలుదేరి ఏడున్నరకు తిరిగి వస్తుంది. అక్కడ సూర్యాస్తమయం ఐదూ ఇరవై ఆరు. చుక్క ఐదూ యాభై రెండు. ఆరింటికి భోజనాలు వడ్డిస్తారు. "వాళ్ళు కంచాలు తెచ్చే వేళకి మీ చుక్క వచ్చేస్తుందండి" అని చెప్పాను. అత్తగారు "మీరు చూశారంటే సరే" అన్నారు. నలభై ఏడు కార్తీకాల్లో ఆవిడ చుక్క కోసం ఇంటి వాకిట్లోనో, డాబా మీదో, బాల్కనీలోనో తప్ప ఇంకెక్కడా నిలబడలేదు. ఇంటికి దూరంగా ఇదే మొదటిసారి, అదీ నా మాట మీద.

ముందురోజు మేము దిగేసరికి ముసురు పట్టి ఉంది. సూర్యుడు ఎప్పుడు వెళ్ళాడో ఎవరికీ తెలియలేదు. ఆ రోజు తెలిసి ఉంటే బాగుండేది.

సోమవారం ఎండ కాసింది. అత్తగారు బసలో తలస్నానం చేసి, సూట్‌కేసులో పెట్టుకొచ్చిన చిన్న రైస్ కుక్కర్‌లో అన్నం వండి, పెరుగన్నం కలిపి డబ్బాలో పెట్టారు. దాన్ని ఐసు ముక్కలతో ఒక చిన్న ఎస్కీలో, అదే ఐసు పెట్టెలో, సర్దుకుని పడవ ఎక్కాం. బయటి తిండికి ముందుగానే అనుమతి అడిగి ఉంచాను. మా నలుగురితో కలిపి ఇరవై రెండు మంది. పడవ నడిపే ఆవిడకి అరవై దాటి ఉంటాయి, ఎండకి ముదిరిన చేతులు, చెవికి గాలపు ముల్లులాంటి పోగు. ఎక్కిన వాళ్ళందరికీ ఒకే హెచ్చరిక చేసింది: చేతులు పడవ లోపలే ఉంచండి, నాకు లెక్క కుదరాలి, ఇరవై రెండు మందీ నలభై నాలుగు చేతులూ తిరిగి రావాలి. ఆవిడ నాకు వెంటనే నచ్చింది.

నది గోధుమ రంగులో, కదులుతోందో లేదో తెలియనట్టు ఉంది. పోటు తగ్గి రెండు వైపులా బురద ఒడ్లు తేలాయి. ఐదింటికల్లా రెండు లకుముకి పిట్టలు, కొమ్మకి చుట్టుకుని నిద్రపోతున్న ఒక పాము, ఎర్రకాళ్ళ పెద్ద కొంగ ఒకటి కనిపించాయి. ఐదూ పదికి ఎడమ ఒడ్డున దుంగ ఒకటి కనిపించింది. పడవ దగ్గరికి జరిగాక దుంగకి పళ్ళు వచ్చాయి.

మొసలి నోరు తెరుచుకుని పడుకుని ఉంది. ముక్కు నుంచి తోక దాకా నాలుగు మీటర్లు ఉంటుందని పడవావిడ చెప్పింది. అత్తగారు చీర కొంగు నడుముకు దోపి, కటకటాల దగ్గర నిలబడి దాన్ని చూశారు. నేను ఫొటో తీయబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఉండండి, అది నన్ను చూస్తోంది" అన్నారు.

"సో, అమ్మమ్మా, సేమ్ పర్సనాలిటీయా?" అంది మా అమ్మాయి.

"నోరు తెరుచుకుని కూర్చుంది, మాట లేదు. మీ నాన్న రాశేమో చూడు."

అందరం నవ్వాం. నేను నవ్వుతూనే గడియారం చూసుకున్నాను. ఐదూ ఇరవై మూడు. తలెత్తి పడమర చూశాను. సూర్యుడు చెట్ల తలల మీద రెండు బెత్తెల ఎత్తున, మొహం మండేలా, ఎక్కడికీ వెళ్ళే తొందర లేకుండా ఉన్నాడు. మూడు నిమిషాల్లో అస్తమించే సూర్యుడు అలా ఉండడు.

చొక్కా జేబులోంచి కాగితం తీశాను. ఆ ఊరి సూర్యాస్తమయాల పట్టిక అచ్చువేసి తెచ్చుకున్నాను. పైన ఎర్ర సిరాతో నా చేతిరాత: 'గంట తీసెయ్యాలి'. కార్తీకం ఇక్కడ వేసవిలో వస్తుంది; అప్పుడు సిడ్నీ గడియారం గంట ముందుకి జరుగుతుంది, క్వీన్స్‌లాండ్‌ది జరగదు. ఆ తేడా మరిచిపోతానేమోనని ప్రయాణం అనుకున్న రోజే కాగితం మీద రాసుకున్నాను. తరవాత అదే కాగితం మీద పట్టిక అచ్చువేశాను. పట్టిక ఆ ఊరి వేళల్లోనే ఉంది. ఆ గంట అందులో అప్పటికే పోయింది. మరిచిపోకుండా ఉండడానికి రాసుకున్న మాటకు లోబడి, పోయిన గంటను నేను మళ్ళీ తీసేశాను.

అస్తమయం ఆరూ ఇరవై ఆరు. చుక్క ఆరూ యాభై రెండు. మాత్రకి ఇంకా ఇరవై మూడు నిమిషాలు మిగులుతాయి. అంత ప్రమాదమేమీ లేదనుకుంటూ చూస్తే, పడమటి కొండల మీద మబ్బు లేస్తోంది.

మా ఆవిడకి చెప్పాను. ఆమె కాగితం తీసుకుని చూసి, తిరిగి నా జేబులో పెట్టి, "అమ్మకి మీరే చెప్పండి" అంది. చెప్పాను. అత్తగారు కోప్పడలేదు. కోప్పడితే నయంగా ఉండేది. "గంటే కదండీ. పొద్దున్నుంచీ ఉన్నదాన్ని, ఇంకో గంట ఉండలేనా" అని మళ్ళీ మొసలివైపు తిరిగారు.

ఆరింటికి కంచాలు వచ్చాయి. కాల్చిన చేప, బంగాళాదుంపలు, మాకు కూరగాయల లజాన్యా. చుట్టూ నూనె, నిమ్మ, వెల్లుల్లి వాసన. అత్తగారు ఒళ్ళో ఎస్కీ పెట్టుకుని కూర్చున్నారు. నేను నా కంచం ముట్టుకోలేదు. ఆవిడ చూసి తినమన్నారు. ఆకలి లేదన్నాను. "ఇదీ తప్పు లెక్కే" అన్నారు.

అందరి గ్లాసుల్లోకి వైన్ వచ్చింది. మా ఆవిడ అటు చూసి నా చెవిలో, "ఈ పడవ మీద చుక్క కోసం ఎదురుచూస్తున్నది మా అమ్మ ఒక్కతే, మిగతావాళ్ళకి ఎప్పుడో దొరికింది" అంది.

సూర్యుడు సరిగ్గా ఆరూ ఇరవై ఆరుకి వెళ్ళిపోయాడు. పట్టిక తప్పు చెప్పలేదు. ఒడ్డున చెట్లలోంచి గబ్బిలాలు లేచి, వేలకొద్దీ, తూర్పుకి సాగాయి. లెక్కపెట్టడం మొదలుపెట్టి నూట నలభై దగ్గర వదిలేశాను. వాటి వెనకే మబ్బు వచ్చి పడమర నుంచి తూర్పు దాకా కప్పేసింది. ఆరూ నలభై ఎనిమిదికి అత్తగారు చెయ్యి బయటికి చాపి, అరచేతి వైపు చూసుకుని, "చుక్క పడింది అల్లుడుగారూ" అన్నారు. వాన చుక్క.

ఆరూ యాభై రెండు వచ్చింది, వెళ్ళింది.

పడవావిడ ఇంజను ఆపి పెద్ద టార్చి వెలిగించి నీళ్ళ మీద తిప్పింది. దూరంగా రెండు ఎర్రటి వెలుగులు, నిప్పు కణికల్లా, నీటికి వేలెడు పైన. మొసలి కళ్ళు. "అమ్మమ్మా, లుక్, రెండు స్టార్స్" అంది మా అమ్మాయి. అవి మునిగిపోయాయి. "ఆ చుక్కలు చూసి తింటే, నన్ను చూసి అది తింటుంది" అన్నారు అత్తగారు. ఈసారి గొంతులో నవ్వు కొంచెం తక్కువగా ఉంది. మా ఆవిడ లేచి వాళ్ళమ్మ పక్కన కూర్చుని, పర్సులోంచి మాత్ర తీసి పిడికిట్లో పట్టుకుంది.

నేను పడవావిడ దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాను. పొద్దున్నుంచి తినలేదని, నక్షత్రం కావాలని, ఏడుంపావు దాటకూడదని. ఆవిడ ప్రశ్నలేమీ వేయలేదు. ఈ వంపులో కొండ అడ్డమని, కింద నది వెడల్పైన చోట ఆకాశం ఎక్కువ దొరుకుతుందని చెప్పి ఇంజను వేసింది. అక్కడికి చేరాక పడవ మీది దీపాలన్నీ ఆర్పేసి, కాసేపు నదిని వినమని అందరికీ చెప్పింది. ఎందుకో చెప్పలేదు.

తూర్పున మబ్బు పలచబడి ఒక చీలిక తెరుచుకుంది. ఏడూ ఐదుకి ఆ చీలికలో, బాగా ఎత్తున, పసుపు తిరిగిన ఒక చుక్క.

"అదుగో" అన్నాను.

అత్తగారు దణ్ణం పెట్టుకోలేదు. "ఒంటి చుక్క చూడకూడదండీ. చూస్తే రెండోది చూడాలి" అన్నారు. బాల్కనీలో ఎప్పుడూ రెండోది నిమిషంలో వచ్చేసేది కాబట్టి ఆ నియమానికి నా పుస్తకంలో గడే లేదు.

మా అమ్మాయి ఫోన్ ఆకాశం వైపు పెట్టింది. "నాన్నా, దట్స్ నాట్ ఈవెన్ ఎ స్టార్. ఇట్స్ శాటర్న్."

మా ఆవిడ చీకట్లోనే కూతురి వైపు చూసిన చూపు నాకు తెలిసింది. ఏడూ పది. చీలిక మెల్లిగా దక్షిణానికి జరుగుతోంది. ఏడూ పన్నెండుకి దాని అంచున రెండోది కనిపించింది, చిన్నది, తెల్లనిది. అది నక్షత్రమేనని ఫోన్ కూడా ఒప్పుకుంది. అంటే చుక్క ఒకటి, గ్రహం ఒకటి. ఇంకొకటి దొరకడానికి ఆకాశంలో చోటు లేదు.

"ఏడుంపావు అవుతోందమ్మా" అంది మా ఆవిడ.

అత్తగారు నావైపు తిరిగారు. "ఆ మొదటిది లెక్కలోకి వస్తుందా అల్లుడుగారూ?"

వస్తుందని అంటే అయిపోయేది. కానీ ఒక గంట పోగొట్టిన మనిషిని, మళ్ళీ లేని చుక్కని కలిపి చెప్పడానికి నోరు రాలేదు. "రాదండి. అది గ్రహం. శని" అన్నాను.

ఆవిడ మళ్ళీ తలెత్తి చూశారు. "శనైశ్చరుడా? పసుపుగా, ఆ పైన ఉన్నాడు, ఆయనేనా?"

"ఆయనేనండి."

"మకర రాశికి అధిపతి ఎవరండీ?"

పంచాంగం నాకు కంఠతా వచ్చు. అయినా ఆ పడవ మీద ఆ మాట ఆవిడ అడిగేదాకా తోచలేదు. "శని" అన్నాను.

"నా రాశిని చూద్దామని ఇంత దూరం వస్తే, రాశినాథుడు మబ్బు చీల్చుకుని ఆయనే వచ్చాడు. ఆయన లెక్కలోకి రారని నేను చెప్పనా, మీరు చెబుతారా" అని, రెండు చేతులూ ఎత్తి పైకి దణ్ణం పెట్టి, ఎస్కీ మూత తీశారు.

మొదటి ముద్ద ఏడూ పధ్నాలుగుకి. మాత్ర ఏడుంపావుకి. పెరుగన్నం చల్లగా ఉందని, ఉప్పు ఒక్క రవ్వ తగ్గిందని అన్నారు. నా కంచంలో లజాన్యా అట్టముక్కలా అయిపోయింది, అయినా మొత్తం తిన్నాను. దీపాలు వెలిగాక పడవావిడ వచ్చి దొరికిందా అని సైగతో అడిగింది. అత్తగారు రెండు వేళ్ళు చూపించారు.

రాత్రి బసలో నోటు పుస్తకం తీశాను. పన్నెండో సోమవారం. అస్తమయం ఆరూ ఇరవై ఆరు, మొదటి చుక్క ఏడూ ఐదు, మధ్య ముప్పై తొమ్మిది. సగటు ఇరవై ఏడు దాటిపోతుంది. మొదటిదాన్ని చుక్కగా రాయనా వద్దా అని పెన్ను పట్టుకుని కూర్చుంటే, మంచం మీంచి అత్తగారు, "రాసేయండి. పక్కనే నాలుగో గడి కొట్టి, రెండో చుక్క అని కూడా రాయండి. ఆ ఎర్ర సిరా పెన్ను మాత్రం ఇక్కడే వదిలేసి రండి" అన్నారు.

నాలుగో గడి కొట్టాను.