తప్పంతా ఎత్తుదే

మా కెటిల్ పాస్‌లో ఎవరు ఏ వెధవపని చేసినా తప్పు వాళ్ళది కాదు, ఊరి ఎత్తుది. ఇది చట్టమూ కాదు, పాస్టరు గారి ఉవాచా కాదు. ఆర్లో స్కోగెన్ అభిప్రాయం. ఆర్లోకి యాభై ఎనిమిదేళ్ళు. అందులో ముప్ఫై ఏళ్ళు నా కాఫీ హోటలుకి ఎదురుగా ఉన్న రేకుల షెడ్డులో మంచు మీద పరిగెత్తే మోటారు బండ్లు, మా భాషలో మంచుబండ్లు, బాగుచేస్తూ గడిపాడు. ఆ ముప్ఫై ఏళ్ళలో ఆయన ఒక్క మనిషిని తప్పుపట్టగా నేను వినలేదు.

ఒకసారి కేకులో సోడా వెయ్యడం మర్చిపోయాను. అది పొయ్యిలోంచి పలకలా బయటికొచ్చింది. ఆర్లో ఒక ముక్క తీసుకుని బల్ల అంచుకేసి కొట్టి చూశాడు.

"ఏడువేల ఆరువందల అడుగులు. ఇంత ఎత్తులో పొంగమంటే ఎక్కడ పొంగుతుంది, పాపం!"

"సోడా వెయ్యలేదయ్యా మహానుభావా!"

"ఎందుకు వెయ్యలేదు?"

"మర్చిపోయాను."

"ఎందుకు మర్చిపోయావు? మెదడుకి గాలి అందలేదు. నేను చెప్పేదీ అదేగా!"

మరోసారి పాస్టరు గారు ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి పేరుకి బదులు ఆవిడ చెల్లెలి పేరు చదివారు. పెళ్ళికొడుకు కంగారులో సరేననేశాడు. చెల్లెలు కెవ్వుమంది, మామగారు కోటు విప్పారు. ఆ సమయంలో ఆఖరి బల్ల మీంచి ఆర్లో లేచి, "ఎత్తండీ, ఎత్తు! గాలి పలచన!" అని కేకపెట్టాడు. నవ్వాపుకోలేక మామగారు మళ్ళీ కోటు తొడుక్కున్నారు. ఎత్తుకే గనక నోరుంటే ఈపాటికి ఆర్లో మీద పరువునష్టం దావా వేసి ఉండేది.

తమాషా ఏమిటంటే తన విషయంలో మాత్రం ఈ సూత్రం వాడుకోడు. నా బల్ల మీద కాఫీ ఒలకబోస్తే, "నా చెయ్యి వంకర," అని తుడిచేసి వెళ్ళిపోతాడు.

అయితే మంచుబండ్ల దగ్గర ఎత్తు నిజంగానే దోషి. ఒక చలికాలం మిన్నెసోటా ఆసామీ ఒకాయన కొత్త బండితో దిగి, గంట తిరక్కుండానే ఆర్లో షెడ్డు ముందు చిందులు తొక్కాడు.

"మా సరస్సు మీద నిమిషానికి ఎనిమిదివేల చుట్లు తిరిగిన ఇంజను, ఇక్కడ ఏడువేలు దాటదేం? అమ్మినవాడు నన్ను ముంచాడు. వాణ్ణి కోర్టుకీడుస్తా!"

"మీ సరస్సు ఎంత ఎత్తున ఉందండీ?"

"వెయ్యి అడుగులుంటుందేమో."

"అక్కడ మీ ఇంజను కడుపునిండా గాలి తిని పనిచేసింది. ఇక్కడ దానికి అర్ధాకలి. అయినా నెత్తిన అదే బస్తా పెట్టి కొండెక్కమంటున్నారు. ముందు బస్తా తేలిక చెయ్యాలి."

ఆర్లో క్లచ్ విప్పాడు. అందులో ఇంజను తిరిగే కొద్దీ పైకి విసురుకుని బెల్టుని బిగించే చిన్న ఇనప బరువులుంటాయి. వాటిని తీసి, ఆరేసి గ్రాములు తేలికైనవి పెట్టాడు. ఇంజనుకి వేగమిచ్చే మీట పూర్తిగా నొక్కి వాలెక్కమన్నాడు. కింద నిలబడి చెవి ఒగ్గి విన్నాడు. "ఎక్కువ తీసేశాను, గొంతు చించుకుంటోంది," అని ఒక్క గ్రాము వెనక్కి పెట్టాడు. ఈసారి చుట్లు చూపించే ముల్లు ఎనిమిదివేల దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. మిన్నెసోటా ఆసామీ ఆర్లోని కావలించుకుని, కోర్టు సంగతి మర్చిపోయి, కొండెక్కేశాడు. మా ఊళ్ళో అక్షరాలు రానివాడికి కూడా ఇంతమాత్రం తెలుసు: బరువు ఎక్కువైతే ఇంజను మూలుగుతుంది, తక్కువైతే కీచుమంటుంది.

ఇక థోరా లిండ్‌బెక్ సంగతి. డెబ్భై మూడేళ్ళ మనిషి. రోడ్డు మూసుకుపోయాక, పైన పాత గని దగ్గరుండే పదకొండు ఇళ్ళకి ఉత్తరాలూ మందులూ మంచుబండి మీద చేరవేసేది ఆవిడే. ఇరవయ్యారు చలికాలాలుగా ఒక్క రోజు నాగా లేదు. నోరు మాత్రం ఇసకకాగితం. జనవరిలో జిల్లా నుంచి ఆవిడకి కాగితం వచ్చింది: శుక్రవారం పరీక్ష. నూటయాభై పౌన్ల బరువు కట్టి విడాకుల వాలు నాలుగు నిమిషాల్లో ఎక్కాలి. ఎక్కకపోతే పని ఇంకొకరికి. ఆ వాలుకి ఆ పేరెందుకొచ్చిందో, అక్కడ పెళ్ళానికి బండి నేర్పబోయిన వాడెవణ్ణయినా అడగండి.

"పని పోతే హాయిగా ఇంట్లో కూచుని అల్లికలు అల్లుకోవచ్చు కదా," అన్నాను, ఊరడించబోయి.

"నాకు అల్లడం రాదే, పిచ్చిమొహమా! ఇల్లంటేనే పడదు. పొద్దున్నే బండి తియ్యకపోతే నేను మనిషినే కాను," అంది. ఆ గొంతులో జంకు వినడం అదే మొదటిసారి.

జంకదూ మరి? సోమవారం ఆ బరువు కట్టి వాలు ఎక్కబోతే సగంలో బండి మూలిగి మూలిగి ఆగిపోయింది. ముల్లు ఆరువేల నాలుగువందలు దాటలేదు.

"ఎత్తు, పెద్దమ్మా," అన్నాడు ఆర్లో, బండి చూడకుండానే.

"ఇరవయ్యారేళ్ళుగా ఇదే ఎత్తు కదరా! కొండేమన్నా పెరిగిందా?"

"పెరుగుతాయి. రాళ్ళు కూడా పెరుగుతాయి."

"నీ తల! పని చూడు."

క్లచ్ బరువుల్లోంచి రెండు గ్రాములు తీశాడు. ఆరువేల ఏడువందలు. ఇంకో రెండు తీశాడు. ఆరువేల తొమ్మిదివందలు. బెల్టు చూశాడు, కొత్తదిలా ఉంది. పెట్రోలు చూశాడు, శుభ్రంగా ఉంది. పుల్ల పెట్టి చూడని చోటంటూ లేదు. మంగళవారం మధ్యాహ్నానికి ఏడు గ్రాములు తీసేసినా థోరా ఎక్కితే బండి మూలుగుతూనే ఉంది. అప్పుడు ఆర్లో తానే ఎక్కి వాలు మీదికి పోనిచ్చాడు. ఆ ఇంజను పెట్టిన కీచుకి నా గూట్లో కప్పులు గలగల్లాడాయి. వంద గజాలు పోకుండానే ఆపేసి, వెనక్కి తిప్పి, మెల్లగా దిగి వచ్చాడు. షెడ్డు ముందు డబ్బా మీద కూచుని టోపీ తీసి చాలాసేపు దాని లోపలికే చూశాడు. తర్వాత తీసిన బరువులన్నీ ఒక్కటొక్కటిగా మళ్ళీ బిగించేశాడు. మనిషికి మతి పోయిందనుకున్నాను.

గురువారం థోరా వచ్చేసరికి, బండి పిడి పక్కన బొటనవేలితో నొక్కే మీట ఎప్పుడూ ఉండేదానికి ఒకటిన్నర రెట్లు పొడుగుంది.

"ఇదేమిట్రా, గరిటె తగిలించావు?"

"కొత్తగా కనిపెట్టారు పెద్దమ్మా. పైన గని దారిలో తొమ్మిదివేల అడుగులు దాటితే పలచని గాలికి పొడుగు మీట కావాలి. లోపల స్ప్రింగు కూడా మెత్తది పడాలి."

"గాలికీ మీటకీ ఏమిట్రా సంబంధం?"

"చాలా లోతైన సంబంధం. చెబితే సాయంత్రమవుతుంది. ఎక్కండి."

శుక్రవారం జిల్లా నుంచి వచ్చినాయన గడియారం చూస్తూ నిలబడ్డాడు. థోరా మీట నొక్కింది. బండి మూలగలేదు, కీచుమనలేదు. నిండుగా ఒక్క గొంతుతో పాడుతూ వాలెక్కి, మూడు నిమిషాల నలభై సెకన్లకి శిఖరం మీద నిలబడింది. ఊరంతా టోపీలు ఎగరేసింది. నేను మాత్రం ఏడ్చానని ఒప్పుకోను.

"ఈ మీటేమిటి?" అన్నాడు పరీక్షకాయన.

"ఎత్తుకండీ," అన్నాడు ఆర్లో. ఆయన అది బుద్ధిగా కాగితం మీద రాసుకుని మరీ వెళ్ళాడు.

అసలు ముసళ్ళ పండగ ఆ మర్నాడు మొదలైంది. పొద్దున్నే ఆర్లో షెడ్డు ముందు ఆరు బండ్లు. ఆదివారం చర్చి అయ్యాక తొమ్మిది. అందరిదీ ఒకటే పాట: మాకూ పొడుగు మీట కావాలి. పాతికేళ్ళ దున్నపోతులు, దుంగలు విరగ్గొట్టేవాళ్ళు, పాస్టరు గారు, ఆఖరికి తొమ్మిదివేల అడుగుల ఛాయలకే పోని పంటి డాక్టరు! ఆర్లో మొహం చూడాలి. వద్దనలేడు, కావాలనలేడు. ఫిబ్రవరి నెలంతా ఆకురాయి పట్టుకుని మీటలు అరగదీస్తూ కూచున్నాడు.

నాకు ఒళ్ళు మండి షెడ్డుకి వెళ్ళాను.

"బరువులన్నీ నువ్వు తిరిగి పెట్టెయ్యడం నేను చూశాను. బండిలో లోపమేం లేదు కదూ? నువ్వెక్కితే కీచుమంది, ఆవిడెక్కితే మూలిగింది. బండి ఒకటే, వాలు ఒకటే. తేడా అంతా మీట నొక్కే బొటనవేల్లోనే ఉంది. ఆవిడ వేలికి కీళ్ళవాతం, సగమే నొక్కగలుగుతోంది. అవునా?"

ఆర్లో తలెత్తలేదు. "వెర్నా, నీ నోటికి కూడా గాలి పలచనైతే బావుండు," అన్నాడు. ఆకురాయి ఇంకాస్త గట్టిగా నడిచింది. నా జన్మలో ఆయన మీద అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

మర్నాడు థోరా కాఫీకి వచ్చింది. ఉండబట్టలేక, "పాపం ఆర్లో, ఊరంతా ఎందుకలా ఎగబడిందో!" అన్నాను.

"నేనే పంపాను," అంది తాపీగా.

"నువ్వా?"

"ఊళ్ళో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను, ఆ మీట లేకపోతే ఈ ఎత్తులో ఇంజను దక్కదని. నా ఒక్కదాని బండికే గరిటె వేలాడుతుంటే రెండ్రోజుల్లో పసిగట్టరూ జనం?"

"అంటే నీకు తెలుసా!"

"నా బొటనవేలు నాకు తెలీదుటే? పొద్దున గుండీ పెట్టుకోడానికి పావుగంట పడుతోంది. వాడు నా మొహాన అంత ముద్దుగా అబద్ధమాడుతుంటే, నాకు తెలుసురా అనడానికి నోరు రాలేదు."

"మరి వాడిచేత అంత చాకిరీ చేయించడం న్యాయమా?"

"అబద్ధమాడినవాడు ఆమాత్రం అరగదియ్యద్దూ? నలభై మూడు మీటలు. లెక్క చూస్తున్నాను." కప్పు రెండు చేతులతో పట్టుకుని తాగింది. కళ్ళు మాత్రం కిటికీలోంచి షెడ్డు వైపే ఉన్నాయి, చెమ్మగా.

ఆవిడ వెళ్ళాక హోటలు తలుపు దగ్గరికి వేసి, నా బండి తోసుకుంటూ రోడ్డు దాటాను. నా బొటనవేలు శుభ్రంగా ఉంది; దాంతో అక్రోట్లు పగలగొడతాను. ఆ సంగతి ఆర్లోకి బాగా తెలుసు.

"పొడుగు మీట కావాలి," అన్నాను.

ఆర్లో ఒక నిమిషం నా మొహంలోకి చూశాడు. నలభై నాలుగో మీటకి ఇనపముక్క బల్లకి బిగించి, ఆకురాయి అందుకున్నాడు.