మామ దాచని గుంత

పక్కింటి మామ మొన్న పోయాడు. పొద్దున చాయ్ తాగి, ఇంకో సగం కప్పు అడిగి, అది వచ్చేలోపే కన్నుమూశాడట. నాచారంలో మా గల్లీకంతా ఆయన మామే. కబురు విని వచ్చినవాళ్లు ఏడుస్తూనే ఆయన మాట ఏదో ఒకటి గుర్తుచేసుకుని నవ్వారు. నేనూ నవ్వాను.

ఆయన కొలువు పరిశ్రమల శాఖలో. ఫ్యాక్టరీ పెడతామంటూ వచ్చే విదేశీ కంపెనీలవాళ్లను వెంటబెట్టుకుని స్థలాలు చూపించడం ఆయన పని. వాళ్లు వస్తున్నారంటే ఆ దారికి యోగం పట్టేది. గుంతలు పూడేవి, డివైడర్లకు రంగులు పడేవి, రోడ్డు పక్కన పూలకుండీలు వెలిసేవి. అందుకే మా గల్లీవాళ్ల గోల ఒకటే: "మామా, జర మీ విదేశాలోళ్లను మన గల్లీల నుంచి తోల్కరారాదు?"

"తోల్కొస్తే ఉన్న గుంతలన్ని పూడుస్తరు. నాకు సూపించనీకె ఒక్కటన్న మిగలాలె గద" అనేవాడు.

వేళాకోళం కాదది. వచ్చినవాళ్లను బాగుచేసిన దారంతా తిప్పి, చివరికి బాగుచేయని చోట కారు ఆపించేవాడు. పై అధికారులు గుడ్లురిమినా వినేవాడు కాదు. "అంతా మంచిదే సూపిస్తే అనుమానపడ్తరు. ఒక్క గుంత సూపించి, ఎప్పుడు పూడుస్తమో చెప్పాలె. అప్పుడు మిగిలింది నమ్ముతరు" అనేవాడు.

మల్లాపూర్‌లో నా లేత్ షెడ్డు ఇక మూతపడుతుందనుకున్న రోజుల్లో, పంపులు తయారుచేసే ఒక విదేశీ కంపెనీవాళ్లు వచ్చారు. విడిభాగాలు చేసేవాళ్లు దగ్గర్లో ఉంటేనే ఫ్యాక్టరీ పెడతామన్నారు. మామ వాళ్లను నేరుగా నా షెడ్డుకు తీసుకొచ్చాడు. లేత్ ఆన్ చేశానో లేదో కరెంటు పోయింది. నేను మెయిన్ స్విచ్ దగ్గరికి పరుగెత్తాను. మామ మాత్రం హాయిగా నవ్వి, ఎండాకాలం ఇక్కడ ఇంతేనని ఇంగ్లీషులో వాళ్లకు చెప్పేశాడు. ఆ కోత తీర్చడానికి కట్టబోయేది కాదు, అప్పటికే సగం కట్టిన సబ్‌స్టేషన్ చూపిస్తానని వాళ్లను బయల్దేరదీశాడు.

పోతూ పోతూ నా భుజం తట్టాడు. "ఫికర్ జెయ్యకు. సర్కారు ఇచ్చే పన్ను రాయితీ దావత్ అసొంటిది, ఒక్కపూట. దినాం తినేది పప్పన్నమే. కరెంటు, నీళ్లు, రోడ్డు. వాళ్లు గది సూడనీకే వచ్చిన్రు."

ఆయన స్థలాలు చూపించిన కంపెనీలవాళ్లంతా ఉండిపోలేదు. కొందరు పక్క రాష్ట్రానికి వెళ్లిపోయారు. పంపులవాళ్లు మాత్రం వచ్చారు. నా షెడ్డు ఇవాళ్టికీ నడుస్తోందంటే ఆయన చలవే.

అంత్యక్రియల పొద్దున గల్లీ అంతా ఊడ్చి నీళ్లు చల్లాం. ఉన్న గుంతలన్నీ మట్టితో పూడ్చాం. ఎవరూ చెప్పకుండానే ఇంటింటి నుంచీ పూలకుండీలు తెచ్చి రెండు వైపులా పెట్టారు. అత్త గుమ్మంలోకి వచ్చి ఆ వరుసను చివరిదాకా చూసింది. కళ్లు తుడుచుకుని నన్ను పిలిచింది.

"ఒక్క గుంతన్న ఉంచిన్రా బిడ్డా? లేకుంటే మీ మామ నమ్మడు."

నేను పార తీసుకుని మలుపు దగ్గరికి వెళ్లి, అప్పుడే పూడ్చిన గుంతలోంచి మట్టి తోడేశాను. మామను తీసుకెళ్తున్న బండి అక్కడ ఒక్క కుదుపు కుదిపి, పూలకుండీలను దాటుకుని మెయిన్ రోడ్డెక్కింది.