సల్వా ఇంట్లో మొరాయించిన బండి

దెయ్యాల మాట ఎత్తితే పేకాట మధ్యలోనైనా లేచి వెళ్ళిపోయే రకం నేను. పదిహేనో ఏట నుంచి రాజంపేటలో మోటారు సైకిళ్ళు బాగుచేశాను. బండి స్టార్ట్ కాలేదంటే పెట్రోలు రాకపోవాలి, స్పార్క్ పుట్టకపోవాలి, లేదా గాలి ఆడకపోవాలి. ఈ మూడూ కాక నాలుగో కారణం ఉందని ఎవడైనా అంటే వాడికి పని రాదని నా లెక్క. ఇప్పటికీ నా నమ్మకం అదే. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళుగా నన్ను తినేస్తోంది.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఆ ఆగస్టులో నేను సల్వాలో ఒక ఇంటి డ్రైవర్ని. యజమానురాలిని అక్కడి అలవాటు ప్రకారం అందరం మామా, అంటే అమ్మా, అని పిలిచేవాళ్ళం. ఆమె భర్తా పిల్లలూ సెలవులకు వేరే దేశం వెళ్ళి అక్కడే చిక్కుబడిపోయారు. ఇంట్లో మిగిలింది మామా, చూపు పోయిన ఆమె తల్లి, వంటపని చేసే రాయచోటి రమణమ్మ, నేను. ఆ ఇంట్లో చేరి నాకు ఎనిమిది నెలలు. నాకు ముందు అక్కడ పనిచేసిన డ్రైవరు రైల్వేకోడూరు చెన్నయ్య. గుండెపోటుతో ఆసుపత్రిలో చనిపోయాడని విన్నాను. ఆయన్ని నేను ఎన్నడూ చూడలేదు.

ముసలామెకు చక్కెర జబ్బు. రోజూ ఇన్సులిన్ పడాలి. సీసా అడుగుకు వచ్చింది, ఇంకో మూడు రోజులకు మించి రాదు. చుట్టుపక్కల మందుల షాపుల్లో అరలు కూడా మిగల్లేదు. ఫోన్లు మాత్రం దేశం లోపల ఇంకా పనిచేస్తున్నాయి. ఇరవై కిలోమీటర్ల అవతల అబూ హలీఫాలో ఉండే విజయవాడ నర్సు ఒకామె నాకు పరిచయం. ఆమెకు ఫోన్ చేస్తే, "మా ఫ్రిజ్‌లో ఆరు సీసాలు దాచి పెట్టానండీ. నేను గడప దాటలేను. ఎలాగోలా మీరే వచ్చి పట్టుకెళ్ళండి" అంది.

ఎలాగోలా అనడం తేలికే. కారును మొదటి వారమే సైనికులు తోలుకుపోయారు. టాక్సీలు లేవు. నడిచి వెళ్ళి వద్దామంటే ఆ ఎండకు మందూ పాడవుతుంది, నేనూ పాడవుతాను. చీకటి పడితే కర్ఫ్యూ.

అప్పుడు మామా తన గుత్తిలోంచి ఒక తాళంచెవి తీసి పెరటి వైపు స్టోరు గది తెరిచింది. పాత తివాచీల వెనక ఒక చిన్న జపాన్ బండి ఉంది. చెన్నయ్య కూరగాయలకీ మందులకీ దాని మీదే తిరిగేవాడట. ఆయన పోయినప్పటి నుంచి, అంటే సుమారు పది నెలలుగా, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

నాకు ప్రాణం లేచివచ్చింది. నా పనే కదా ఇది. సాయంత్రానికల్లా లేపుతానని మామాకు మాటిచ్చాను.

బ్యాటరీ చచ్చిపోయింది కానీ కిక్ బండికి దాంతో పెద్ద పని లేదు. ట్యాంకు మూత తీస్తే పాత పెట్రోలు వార్నిష్ కంపు కొట్టింది. అంతా పారబోసి, గడ్డి కోసే యంత్రం కోసం దాచిన డబ్బాలోంచి కొత్తది పోశాను. ప్లగ్ విప్పి గరుకు కాగితంతో రుద్ది, ఇంజనుకు ఆనించి కిక్ కొడితే స్పార్క్ నీలంగా, గట్టిగా పడింది. కార్బురేటర్ దించి, కరెంటు వైరులోంచి తీసిన సన్నని తీగతో జెట్ రంధ్రం శుభ్రం చేశాను. ఎయిర్ ఫిల్టర్ దులిపాను. పెట్రోలు ఉంది, స్పార్క్ ఉంది, గాలి ఉంది.

కిక్ కొట్టాను. ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. మళ్ళీ కొట్టాను. కార్బురేటర్ వైపు నుంచి ఒక తుమ్ము వచ్చింది, అంతే. టైమింగ్ తప్పిందేమోనని సైడు మూత విప్పాను. తప్పలేదు. వాల్వు అనుకున్నాను. అదీ బాగానే ఉంది. రెండో రోజు మొత్తం విప్పిందే విప్పి బిగించాను. కుడి మడమ వాచిపోయింది. నాకు సిగ్గుగా ఉంది, భయంగానూ ఉంది. ముసలామె గది కిటికీ స్టోరు వైపే ఉండేది. నేను కొట్టే ప్రతి కిక్కూ ఆమెకు వినబడుతుందని తెలుసు.

మూడో రోజు పన్నెండు గంటలకు రమణమ్మ మజ్జిగ తెచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. గ్లాసు ఇవ్వదు, లోపలికి రాదు.

"అన్నా, అవ్వ ఒక మాట చెప్పమనింది. నువ్వు కోప్పడగాకు" అంది.

చెప్పమన్నాను.

"పొద్దున చెన్నయ్యన్న వచ్చి మంచం పక్కన కూర్చున్యాడంట. ఎలుకలు దూరకుండా గుడ్డ కుక్కినాను, కొత్తాయనకు చెప్పడం మరిచిపోయినాను, తియ్యమను అన్యాడంట."

కోపం వచ్చింది. మందు పొదుపుగా వేస్తుంటే చక్కెర పెరిగి ఆమెకు మతి తప్పుతోందని, దానికి కారణం నేనేనని కోపం. మజ్జిగ తాగి గ్లాసు పక్కన పెట్టాను. అప్పుడు మెదిలింది ఆ మాట. గుడ్డ.

మా కడప వైపు ఒక అలవాటుంది. కువైట్‌కి వచ్చేవాడు రెండేళ్ళకు బండిని ఇంట్లో పెట్టి వస్తాడు కదా, ఎలుకలూ కందిరీగలూ దూరకుండా సైలెన్సర్‌లో గుడ్డ కుక్కి మరీ వస్తాడు. అలా కుక్కిన బళ్ళు నేనే వందసార్లు తెరిచి ఉంటాను. మా ఊళ్ళో అయితే మొదట చూసేది అదే. ఇక్కడ చూడలేదు. ఈ బండిని గదిలో పెట్టింది గ్యారేజీ నడిపే ఒక పఠాన్ అని మామా మొదటి రోజే చెప్పింది. పఠాన్‌కి మా ఊరి అలవాటు ఎందుకుంటుందిలే అనుకున్నాను. లోపలికి వెళ్ళిన గాలి బయటికి పోవాలన్న చిన్న సంగతి మరిచాను.

టార్చి వేసి చూశాను. బాగా లోపల ఏదో ఉంది. కటింగ్ ప్లేయర్‌తో పట్టి లాగితే ఒక పక్క చిరిగిన మూరెడు ఎర్ర గళ్ళ గుడ్డ వచ్చింది. రెండో కిక్‌కి బండి లేచింది.

రమణమ్మ బండిని చూడలేదు. ఆ గుడ్డ అందుకుని, అంచున ఉన్న ఆకుపచ్చ దారం కుట్లు వేలితో తడిమింది. "ఇది చెన్నయ్యన్న తువ్వాల. ఈ కుట్లు నేనేసినవే. శవంతో పాటు ఊరికి పంపిన పెట్టెలో నా చేత్తో మడిచి పెట్నాను కదన్నా" అంది. నేను దాన్ని అందుకుని జేబులో కుక్కుకున్నాను.

అబూ హలీఫాకి వెళ్ళాను. దారిలో రెండు చోట్ల ఆపారు. రెండో చోట సైనికుడు బండినీ నన్నూ మార్చి మార్చి చూసి, "హిందీ?" అన్నాడు, ఇండియావాడివా అని. ఔనన్నాను. యల్లా, ఇక పో అని చెయ్యి ఊపాడు. సీసాలు ఐసు ఫ్లాస్కులో పెట్టుకుని పొద్దు వాలక ముందే తిరిగొచ్చాను. మామా తన తల్లికి సూది వేస్తూ ఏడ్చేసింది. ముసలామె మాత్రం నెమ్మదిగా అడిగింది, చెన్నయ్య భోంచేశాడా, పాపం ఎండలో చాలాసేపు నిలబడ్డాడు అని. ఆ పూట రమణమ్మ ఒక ఆకులో అన్నం పెట్టి స్టోరు గట్టు మీద ఉంచింది. నేను ఆకు తొక్కకుండా పక్కగా దాటి బండిని లోపల పెట్టాను.

బండి దొరికింది, మందు దొరికింది, ఇక నా బుర్ర ఊరుకుంటుందా? ఇంజనులో లోపం వెతికినట్టు వెతకడం మొదలుపెట్టాను. గ్యారేజీ పఠాన్‌కి ఫోన్ చేశాను. చెన్నయ్య బ్రేకుల కోసం బండిని తన దగ్గర వదిలాడని, అదే వారం పోయాడని, పది రోజుల తర్వాత తనే దాన్ని నడుపుకుంటూ వచ్చి గదిలో పెట్టానని చెప్పాడు. గుడ్డ మాట అడిగితే నవ్వాడు. గుడ్డ ఉంటే నడిచేదా భాయ్ అన్నాడు. నిజమే. స్టోరు గది తాళంచెవి ఆ రోజు నుంచీ మామా గుత్తిలోనే ఉంది. ముసలామెకు ఎవరైనా చెప్పి ఉంటారా అంటే, బండిని గదిలో పెట్టిన రోజుల్లో ఆమె కాలి పుండుతో నెల రోజులు ఆసుపత్రిలో ఉంది. రమణమ్మ పొరబడి ఉంటుంది, అచ్చం అలాంటిదే ఇంకో తువ్వాలు అయి ఉంటుంది అని సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకోవడానికి ఆ దారి ఒక్కటే మిగిలింది.

కొన్ని వారాలకు మామాయే మమ్మల్ని వెళ్ళిపొమ్మంది. బాగ్దాదు, జోర్డాను, బొంబాయి మీదుగా ఊరు చేరాను. ఒంటి మీది బట్టలతో పాటు నాతో వచ్చింది ఆ మసి గుడ్డే.

పది రోజులు ఆగి కోడూరు వెళ్ళాను. రమణమ్మ చెప్పిన గుర్తులతో చెన్నయ్య ఇల్లు దొరికింది. ఆయన భార్య నిమ్మకాయ నీళ్ళు ఇచ్చింది. జరిగింది జరిగినట్టు చెప్పి గుడ్డ ఆమె చేతిలో పెట్టాను. ఇలాంటిదే ఇంకోటి ఆయనకు ఉండేదని చెబుతుందేమోనని నా ఆశ.

ఆమె లేచి లోపలికి వెళ్ళి రేకు పెట్టె తెచ్చింది. తీసి చూపిన తువ్వాలు సగమే ఉంది. ఒక పక్క చిరిగిపోయింది. నా గుడ్డను దాని పక్కన పరిచింది. చిరుగుకు చిరుగు, గడికి గడి కలిసిపోయింది. మిగిలిన అంచున అవే ఆకుపచ్చ కుట్లు.

"మొన్న ఎండాకాలంలో ఎండకేసి మళ్ళా నేనే మడిచి పెట్నాను. అప్పుడు నిండుగా ఉండింది" అంది.

ఆమె రెండు ముక్కల్నీ కలిపి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత తలెత్తి ఒక్కటే అడిగింది. "ఆ అవ్వకు మందు అందిందా అన్నా?"

"అందిందమ్మా. నేను బయల్దేరేనాటికి బాగుంది."

"అయితే సరే. ఆమె మందు ఆయన ఎప్పుడూ మరిచేవాడు కాదు" అని రెండూ పెట్టెలో పెట్టి మూత వేసింది.

పెట్రోలు, స్పార్క్, గాలి. మూడూ చూశాను. నాలుగోది ఏమిటో ఈ రోజుకీ నాకు తెలియదు.