మా వైద్యుల సంఘానికి ఎన్నికలొచ్చిన ఏడు

మా సంఘం సభల్లో వేదిక కింద కూర్చోవడం చాలా కష్టం. కూర్చోనివ్వరు. హాల్లోకి వెళ్ళి ఏసీ గాలి తగిలే చోట వెనక వరసలో ఒక కుర్చీ చూసుకునే లోపే మైకులో పిలుపు వినపడుతుంది. మాజీ అధ్యక్షులు, మాజీ కార్యదర్శులు, సలహాదారులు, గౌరవ సలహాదారులు, అందరూ వేదికను అలంకరించాల్సిందే. ఒకర్ని పిలిచి ఒకర్ని పిలవకపోతే అలుగుతారని అందర్నీ పిలుస్తారు. చివరికి కింద మిగిలేది ఈ మధ్యే చేరిన కుర్ర డాక్టర్లు, మందుల కంపెనీల వాళ్ళు, భోజనాలు ఎప్పుడు వడ్డించమంటారా అని తొంగిచూసే కేటరింగు మనిషి. పైనున్నవాళ్ళు ఒకరికొకరు శాలువాలు కప్పుకుంటారు. వన్ టౌన్‌లో టోకున తెచ్చిన శాలువాలవి. బెజవాడ ఎండల్లో అవి కప్పుకుంటే ఏమవుతుందో చెప్పగల నిపుణులందరూ అక్కడే ఉంటారు. ఒక్కరూ నోరెత్తరు.

నేను భవానీపురంలో చిన్న నర్సింగ్ హోమ్ నడుపుకునే కాన్పుల డాక్టర్ని. ఈ సంఘంలోనే నా జుట్టు నెరిసింది. కానీ ఆ ఏడు దాకా అందులో ఒక్కసారి కూడా ఓటు వేసి ఎరగను. మా దగ్గర అంతా ఏకగ్రీవం. మా సభ్యుల్లో చాలామంది డెల్టా పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. సర్పంచి ఎవరో పెద్దమనుషులు కూర్చుని తేల్చేయడం చూస్తూ పెరిగారు. పెద్ద పెద్ద చదువులు చదివొచ్చి అదే పద్ధతిని స్టార్ హోటల్లో పెట్టారు, అంతే తేడా. పదవీకాలం ముగిసే ముందు ఒక ఆదివారం నలుగురు పెద్దలు భోజనానికి కలుస్తారు. ఉలవచారు దగ్గరకొచ్చేసరికి ఈసారి వంతు ఎవరిదో, వచ్చేసారి ఎవరిదో తేలిపోతుంది. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి ఆ పేరు చదువుతాడు. మేం చప్పట్లు కొడతాం.

అలాంటి సంఘానికి పరిపాలన, నాయకత్వ సామర్థ్యాలు పెంచుకోవడం మీద ఒకరోజు శిక్షణ పెట్టారు. పైనుంచి ఆదేశమట. హైదరాబాదు నుంచి సూటు వేసుకుని ఒక కుర్రాడు వచ్చాడు. నిండిన వేదికనూ, ఖాళీ హాలునూ మార్చి మార్చి చూసి, "సర్, అందరూ కిందికొస్తే మొదలుపెడదాం" అన్నాడు. ఎవరూ కదల్లేదు. పాపం, తనే కిందికి దిగి, కిందున్నవాళ్ళకు వీపు తిప్పి, వేదికకు పాఠం చెప్పాడు. ట్రాన్స్‌పరెన్సీ అన్నాడు, అకౌంటబిలిటీ అన్నాడు. సక్సెషన్ ప్లానింగ్ అంటే తర్వాతి నాయకుడెవరో ముందే ఆలోచించుకోవడం అని చెప్పగానే మా పెద్దల మొహాలు వెలిగిపోయాయి. "అది మేం ఎప్పట్నుంచో చేస్తున్నామండీ!" అన్నారు ఒకాయన.

అప్పుడు కింద నుంచి ఒకమ్మాయి లేచింది. దివిసీమలో ఒక చిన్న ఊళ్ళో ఆసుపత్రి పెట్టుకున్న కాన్పుల డాక్టరు. అంతకు కొద్దివారాల ముందు ఆమె దగ్గర ఒక బాలింత చనిపోతే, బంధువులు అద్దాలన్నీ పగలగొట్టి ఈ అమ్మాయిని స్కానింగ్ గదిలో పెట్టి తలుపేశారు. మా సంఘం వాట్సాప్‌లో 'తీవ్రంగా ఖండిస్తున్నాం' అని పెట్టింది. దాని కింద మేమంతా దణ్ణాల బొమ్మలు పెట్టాం.

"నాదొక్కటే డౌటండి. కంప్లయింట్ ఇవ్వడానికి నేను స్టేషనుకి ఒక్కదాన్నే వెళ్ళానండి. మీ సంఘం వాళ్ళెవరూ రాలేదేంటమ్మా అనడిగారు సీఐ గారు. ఏం చెప్పుండాల్సిందండి నేను?"

గుడ్ క్వశ్చన్ అని కుర్రాడు బోర్డు మీద రాసుకున్నాడు. అధ్యక్షుల వారు, "పాపం, అమ్మాయి కొంచెం ఎమోషనల్ అయింది. భోజనాల తర్వాత మాట్లాడదాం" అన్నారు. భోజనాల తర్వాత గ్రూప్ ఫొటో దిగాం.

చేతులు కడుక్కునే దగ్గర ఆ అమ్మాయి నాతో, "ఇంకొక్కసారి ఇలాగయితే మూసేసి ఎక్కడైనా జీతానికి చేరిపోతానండి మేడం" అంది. ఆ ఊరికీ చుట్టుపక్కల ఊళ్ళకీ కాన్పుల డాక్టరు ఆమె ఒక్కతే. నాకు ఒళ్ళు మండిపోయింది. సభ్యుల ఆసుపత్రి మీద దాడి జరిగితే అధ్యక్షుడు అదే రోజు స్వయంగా అక్కడికి వెళ్ళి తీరాలని నియమావళిలో ఒక్క ముక్క చేర్చమని కార్యదర్శిని అడిగాను. "చాలా మంచి సజెషనండి. కమిటీ వేద్దాం" అన్నాడు. అధ్యక్ష పదవికి నామినేషన్ వేసేశాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నా వెనక అనుకున్నారు. నా ముందు కూడా అన్నారు లెండి.

ఆసారి వంతు నగరంలో పెద్ద ఆసుపత్రి ఉన్న డాక్టరుగారిది. చెడ్డవారు కాదు, అసలు ఇబ్బందే అది. మా చిన్న ఆసుపత్రుల్లో ఏ కేసు చెయ్యి దాటినా ఆయన ఐసీయూకే పరిగెత్తాలి. ఎప్పుడు చేసినా ఫోనెత్తుతారు. దాడుల మాటెత్తితే మాత్రం, "పోలీసులతో, లీడర్లతో మనకెందుకండీ? వాళ్ళే చల్లబడతారు" అంటారు.

నలుగురు పెద్దలూ పళ్ళబుట్టతో మా ఇంటికొచ్చారు.

"మీరు మాకు తల్లిలాంటివారండి. పోటీ అంటే మీ స్థాయికి బాగుండదండి. విత్‌డ్రా చేసుకోండి, వచ్చేసారి మీకే."

"వచ్చేసారి ఎవరికో అప్పుడే ఇచ్చేశారు కదండీ?"

"అయితే ఆ పైసారండి."

"అప్పటికి నా మోకాళ్ళు మార్పించాలండి. వేదికెక్కలేను."

గౌరవ ఉపాధ్యక్ష పదవి ఇస్తామన్నారు. అలాంటిది ఒకటుందని అప్పుడే తెలిసింది, బహుశా వాళ్ళకూ అప్పుడే తెలిసి ఉంటుంది. వెళ్తూ వెళ్తూ ఒక కొండపల్లి ఏనుగు అంబారీని చేతిలో పెట్టారు. సంఘం ఇచ్చిన ఏనుగులు మా ఇంట్లో అప్పటికే మందగా ఉన్నాయి.

ఎన్నిక వచ్చింది. మాలో సగం మందికి అనాటమీ చెప్పిన రిటైర్డ్ ప్రొఫెసరుగారు ఎన్నికల అధికారి. రోగిని పరీక్షించేటప్పుడు అడ్డం పెట్టే ఆకుపచ్చ తెర మా నర్సింగ్ హోమ్ నుంచే తెచ్చి మూలన పెట్టారు. కాగితం మీద రెండే పేర్లు. ఒకదాని పక్కన టిక్కు పెట్టి, మడిచి, పెట్టెలో వేయాలి. ఇంకే గుర్తూ ఉండకూడదని ఆయన మైకులో రెండుసార్లు చెప్పారు. వింటూనే ఒకాయన తెర వెనక నుంచి తల బయటపెట్టి, "డేట్ వెయ్యాలా అండీ?" అని అడిగారు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

పెట్టె తెరిచారు. ప్రొఫెసరుగారు మొదటి కాగితం విప్పి, కళ్ళజోడు సవరించుకుని, ఏమీ చదవకుండా పక్కన పెట్టారు. రెండోదీ అంతే. తర్వాత గబగబా గుప్పెడు విప్పి చూసి, తల పట్టుకున్నారు. అన్నిటి కిందా సంతకాలే! కొన్నిటి మీద రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉందట. ఒకాయన జేబులోంచి తీసి రబ్బరు స్టాంపే కొట్టారట. పొద్దస్తమానం చీటీ మీద చీటీ రాసి కింద గీకే చేతులు మావి. కాగితం కనపడితే సంతకం పెట్టకుండా ఆగవు. నవ్వకండి, నేనూ పెట్టాను.

"సంతకముంటే చెల్లదు. ఎవరిది ఎవరికి పడిందో నేను చెప్పను" అని ఆయన అన్నీ పెట్టెలో కుక్కి, మూత మీద ప్లాస్టరు చుట్టేశారు. హాల్లో ఒక్క మొహంలో నెత్తురు లేదు. అందరూ ఆ పెట్టె వంకే చూస్తున్నారు. అప్పుడు పెద్దల్లో ఒకాయన మైకు అందుకున్నారు. "మనమంతా ఒకే కుటుంబం. కుటుంబంలో రహస్యాలెందుకండీ? చేతులెత్తేద్దాం. ట్రాన్స్‌పరెన్సీ అని మొన్న నేర్చుకున్నాం కదా!" చప్పట్లు మోగిపోయాయి. ప్రొఫెసరుగారు నా వైపు చూశారు. రహస్యంగా ఓటెయ్యడం చేతకాని వాళ్ళకు ఇంకో దారి ఏముంది? సరేనన్నాను.

ముందు పెద్ద డాక్టరుగారి పేరు చదివారు. నేను వేదిక మీద నుంచి చూస్తున్నాను. నాకే ఓటన్నవాళ్ళ చేతులు లేచాయి, అది అనుకున్నదే. మూడో వరసలో ఆ దివిసీమ అమ్మాయి ఉంది. నన్ను చూసింది, తల దించుకుంది, చెయ్యెత్తింది. నా పేరు చదివినప్పుడు అక్కడొకటి ఇక్కడొకటి లేచాయి. వాటిలో ఒకటి నాదే.

లిఫ్టు దగ్గర ఆ అమ్మాయి నన్ను పట్టుకుంది.

"మేడం, సారీ అండి."

"ఎందుకమ్మా, ట్రాన్స్‌పరెన్సీయే కదా" అన్నాను. అంత పులుపు నా గొంతులో ఉందని నాకే తెలియదు.

"కాగితం మీద మీకే వేశానండి. కింద సంతకం కూడా పెట్టాను. అది ఎవరైనా చూస్తారేమోనని అందరికంటే ముందు ఎత్తేశానండి. రేపు నా దగ్గర ఎవరికైనా బ్లీడింగ్ ఆగకపోతే ఎక్కడికి పంపాలండి నేను? మీరే చెప్పండి."

పిచ్చి కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు. లిఫ్టు వచ్చినా ఎక్కకుండా, ఆ నాలుగంతస్తులూ మెట్ల మీద నుంచే దిగాను.

మర్నాడు మధ్యాహ్నం నా దగ్గర కాన్పయిన ఒకామెకు రక్తం ఆగలేదు. తెలిసినవన్నీ చేశాను. నాడి జారిపోతోంది. ఫోన్ తీశాను. పెద్ద డాక్టరుగారు వెంటనే ఎత్తారు.

"పంపించండి మేడం గారూ, బెడ్ రెడీ చేయిస్తాను. బ్లడ్ కూడా చెప్తాను, మీరు కంగారు పడకండి" అన్నారు. ఎన్నిక ఊసే ఎత్తలేదు. ఫోన్ పెట్టేయకుండానే, బాలింత చెయ్యి పట్టుకుని నేనూ అంబులెన్సు ఎక్కాను.

"థాంక్సండీ, ప్రెసిడెంటు గారూ" అన్నాను ఫోన్లో. వెటకారంగా అనాలనుకున్నాను. గొంతు అలా రాలేదు.